పలకని ఎడమ పక్క

ప్రొద్దుటూరులో ముప్పయ్యేళ్లుగా మరమగ్గాలు నడుపుతున్న హనుమంతయ్య ఎవరితోనైనా కేకేసినట్టే మాట్లాడతాడు. ఏటా భార్య సుకన్యతో కలిసి తిరుమలకు నడిచి వెళ్తాడు. ఎనిమిది రోజుల ఆ నడకలో పాటలు వినడానికి తెగిపోని ఇయర్‌ఫోన్లు కావాలని ఇద్దరూ సెల్‌షాపుకు వచ్చారు. అతను నూలుపోగును చూసినట్టు ప్రతి తీగనూ వేలికి చుట్టి లాగి చూశాడు. గట్టివి మూడు జతలు నచ్చాయి గానీ, పాట పెట్టగానే మూడింటినీ పక్కకు తోసేశాడు.

“ఏందమ్మా, అన్నిట్లోనూ ఎడమది పలకల్యా!”

షాపు నడిపే తహసీన్ ఒక జతను తన చెవుల్లో పెట్టుకుని విన్నది. రెండు వైపులా పాట చక్కగా వస్తోంది. “కుడిది ఎడమకు మార్చి పెట్టుకో మామా,” అంది. మార్చినా అతని ఎడమ చెవికి ఏమీ వినపడలేదు. హనుమంతయ్య చెయ్యి ఆ చెవి మీదే ఆగిపోయింది.

“నాకు తెల్సు,” అంది సుకన్య. “రెండేండ్ల నుంచి నీ కుడిపక్కనే గదా నడుస్తాండా.”

అతను మూడింటిలో గట్టిదాన్ని ఎంచుకుని, కుడిది తను పెట్టుకుని, ఎడమది ఆమె చెవిలో పెట్టాడు.

“నీకు పలుకుతాందా?”

ఆమె తలూపింది. పాట అయ్యేదాకా ఇద్దరూ కౌంటరు దగ్గరే నిలబడ్డారు.