ఆ దెబ్బ నాది

మా గైడు మేష్టారు పోయారు. పొద్దున్నే అనకాపల్లి నుంచి నా పాత స్నేహితుడు ఫోన్ చేసి, "బావా, సెవి మేష్టారు పోయేరు. నిద్దట్లోనే పోయేరట" అన్నాడు. ఆయన పోయారన్న బాధ కంటే ముందు ఆ పేరు విని నాకు ఒళ్లు మండిపోయింది. తొంభై ఏళ్లు బతికిన మనిషిని పోయిన రోజున కూడా అలాగే పిలవాలా? వాడిని నాలుగు తిట్టి ఫోన్ పెట్టేశాను. మండాల్సింది వాడి మీద కాదని నాకు తెలుసు.

ఓ పిల్లవాడి చెవి పగలగొట్టారని ఆయనకు ఆ పేరు వచ్చింది. యాభై ఏళ్ల పైమాటే. ఆ చెవి పగలగొట్టింది ఆయన కాదు, నేను. ఈ ఒక్క ముక్క రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. ఆయన గురించి ఇంకేం చెప్పినా దీని తరవాతే.

అరవైల్లో నేను అనకాపల్లిలో టీచర్ ట్రైనింగు చదివాను. మాది మాకవరపాలెం దగ్గర పల్లె. గవరపాలెంలో ఓ పెంకుటింటి గదిలో నేనూ, ఇప్పుడు ఫోన్ చేసిన ఈ బుచ్చయ్యపేట వాడూ ఉండేవాళ్లం. కొన్నాళ్లు మేం చదువుకోవడం, కొన్నాళ్లు ఊళ్లో ఓ బడికి వెళ్లి పిల్లలకు పాఠం చెప్పడం. దాన్ని ప్రాక్టీసు అనేవారు. అక్కడ మా పాఠాలు దిద్దే మేష్టారే గైడు. మేం పాసవడం, ఫెయిలవడం ఆయన చేతిలో ఉండేది.

ఎంత సుఖంగా ఉండేదో ఆ బతుకు! పొద్దున్నే నూతి దగ్గర చన్నీళ్లు పోసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, హోటల్లో నాలుగిడ్లీలు కారప్పొడితో తిని బయల్దేరితే బజారంతా బెల్లం వాసన. సాయిబు గారి స్టేషనరీ కొట్లో పాత కేలండర్లు నాకోసం దాచి ఉంచేవారు. "తీస్కోండి సార్, వెనకాల తెల్లగా ఉంది" అనేవారాయన. ఆ 'సార్' అన్న మాట వినడానికే రెండుసార్లు వెళ్లేవాణ్ణి. వాటి వెనకవైపు చార్టులు గీసేవాణ్ణి. సాయంత్రం చొక్కా మీద రంగు సుద్ద దులుపుకోకుండా హోటల్‌కి పోయేవాణ్ణి, నేను మేష్టారినని అందరికీ తెలియాలని. పందొమ్మిదేళ్ల గాడిదని, అదే నాకు పెద్ద ఉద్యోగం.

గైడు మేష్టారు మాత్రం నిప్పు. పాఠం ఎలా చెప్పాలో మేం రాసుకొచ్చే రికార్డు నచ్చకపోతే కిటికీలోంచి విసిరేసేవారు. ఓసారి నాది పోయి మురిక్కాలవలో పడింది. "పాఠం వినేది నువ్వు కాదురా, వాళ్లు. వాళ్లకర్థమయ్యేలా ఏడువు!" అని అరిచి, ముక్కుపొడి పీల్చి, మళ్లీ రాయించి, ఆ మళ్లీ రాసినదాన్ని పక్కన కూచుని అక్షరం అక్షరం దిద్దారు. తన కేరేజీలో పెరుగన్నం సగం నాకు పెట్టారు. తినకపోతే దానికీ తిట్టారు.

బెత్తం ఆముదంలో నానబెట్టుకునేవారు. క్లాసు గోల చేస్తే అందరినీ గోడవైపు తిప్పి వరసగా నిలబెట్టి, వెనకనుంచి కొట్టుకుంటూ పోయేవారు. ఎందుకండీ అని అడిగాను. "కొట్టినోడి మొహం పిల్లడు చూడకూడదురా. చూసేడంటే జన్మంతా గుర్తెట్టుకుంటాడు" అన్నారు. పిల్లల మనసు గురించి పుస్తకంలో మేం చదువుతున్నది ఒకటి, బళ్లో జరుగుతున్నది ఒకటి. మొదటివారంలోనే నా చేతికీ ఓ బెత్తం ఇచ్చారు. "కొట్టు. లేపోతే నిన్ను తినేత్తారు." నేను కొట్టాను. నిజం చెప్పాలంటే, నాకు బాగానే ఉండేది.

ఆ రోజు ఐదో తరగతికి వాన ఎలా కురుస్తుందో నా పాఠం. సముద్రం, ఆవిరి, మబ్బు, కొండ, ఏరు — వారం రోజులు కూచుని చార్టు గీశాను. పాఠం మధ్యలో బోర్డు వైపు తిరిగి, మళ్లీ చార్టు వైపు చూసేసరికి మబ్బు మీద నమిలిన చెరుకు పిప్పి అంటుకుని ఉంది. రంగు కారిపోతోంది. క్లాసంతా నవ్వు. నా కళ్లు ఎర్రబడ్డాయి. పక్కగదిలోంచి మేష్టారు వచ్చారు. "గోడకి తిరగండ్రా!" అన్నారు. ఆయన ఆ చివరనుంచి బెత్తంతో, నేను ఈ చివరనుంచి అరచేత్తో వీపుల మీద. దభీ దభీమని కొట్టుకుంటూ మధ్యకు వచ్చేశాం. అక్కడ ఓ పదేళ్లవాడు, బెల్లం బళ్లు తోలే ఆయన కొడుకు, దెబ్బ ఎప్పుడు పడుతుందోనని తల పక్కకు తిప్పాడు. వీపుకని ఎత్తిన నా చెయ్యి వాడి ఎడమ చెవి మీద పడింది. వాడు అరవలేదు. గోడకు చేరగిలబడి కిందికి జారాడు. చెవిలోంచి సన్నగా నెత్తురు.

మేష్టారు నా వైపు ఒక్కసారి చూశారు. బెత్తం కింద పడేసి, వాణ్ణి ఎత్తి సైకిల్ మీద కూచోబెట్టుకుని ఆస్పత్రికి పోయారు. చెవిలో పొర చిరిగిపోయిందని, ఇక ఆ చెవి వినపడదని డాక్టరు చెప్పారట.

మర్నాడు ఇంటర్వెల్లో వాడి తండ్రి వచ్చాడు. చేతిలో ఎడ్లను తోలే ముల్లుకర్ర.

"ఎవుడ్రా నా కొడుకు సెవి పగలగొట్టినోడు? బయటికి రా! సంపేత్తాను నా కొడకా!"

నేను వరండాలో స్తంభం పక్కన ఉన్నాను.  దాని చాటుకు జరిగాను. మేష్టారు మెట్లు దిగి వెళ్లారు.

"నేనే కొట్టేనయ్యా. వాడి తప్పేం లేదు. నా చెయ్యి తప్పింది."

మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోదానికి కళ్లజోడు పగిలి గాజుముక్కలు చెంపలో దిగాయి. మూడోసారి కర్ర చివరి మేకు నుదురు చీల్చేసింది. తెల్ల పంచె మోకాళ్లదాకా ఎరుపెక్కింది. మేష్టార్లందరూ గదుల్లోకి జరిగిపోయారు, పిల్లలు కిటికీ ఊచలు పట్టుకుని చూస్తున్నారు. మా మేష్టారు చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఆయన మోకాళ్ల మీద పడిపోయాక ఆ తండ్రే కర్ర పారేసి నేలమీద చతికిలబడ్డాడు. "ఒక్కగానొక్కడయ్యా! రేపు ఎనకాల్నుంచి బండొత్తే ఎలా తెలుత్తాదయ్యా ఆడికి?" అని గుండెలు బాదుకుని ఏడ్చాడు. ఇంత జరిగినా నేను స్తంభం దగ్గర నుంచి కదలలేదు.

సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లాను. వాళ్లావిడ ఆయన నుదుటి కుట్ల మీద పసుపు గుడ్డ అద్దుతున్నారు. నన్ను చూడగానే మేష్టారు లేచి నా చెంప మీద ఒక్కటిచ్చారు. కళ్లు తిరిగాయి.

"రేపు హెడ్మాస్టారికి చెప్పేస్తానండి" అన్నాను.

"చెప్పి? నిన్ను గెంటేత్తారు. ఊరెళ్లి పశువులు కాసుకుంటావా? బెత్తం నీ చేతికిచ్చింది ఎవర్రా? గోడకి తిప్పి కొట్టమన్నది ఎవరు? నీ పాఠం తప్పైతే గైడుది తప్పు. నీ దెబ్బ తప్పైతే అదీ గైడుదే. నోరెత్తేవంటే నీ చెవి కూడా పగలగొడతాను" అని నవ్వబోయి, కుట్లు లాగి మూలిగారు.

నేను ట్రైనింగు పాసయ్యాను. ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, రిటైర్మెంటు, సన్మానం, శాలువా, అన్నీ అయ్యాయి. ఆయన మాట జవదాటకూడదని సర్దిచెప్పుకునేవాణ్ణి. మాట కాదు, భయం. అంతే.

ఆయన మళ్లీ ఎవరినీ గోడకు తిప్పలేదు. నోరు మాత్రం తగ్గలేదు. ఆ పిల్లవాణ్ణి కుడిచెవి తనవైపు ఉండేలా కూచోబెట్టుకుని హైస్కూలు దాటేదాకా ఇంట్లో చదువు చెప్పారు. ఊళ్లో తల్లులు అన్నం తినని పిల్లలను "సెవి మేష్టారికి సెప్పేత్తాను" అని బెదిరించేవారు. ఓసారి ఆయన్ని చూడబోతే, కూరలమ్మి "సెవి మేష్టారూ, వంకాయలు లేతగున్నాయి, అట్టుకెళ్లండి" అని కేకేసింది. ఆయన చక్కా వెళ్లి ఏరుకుంటున్నారు. నాకు అక్కడే భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఆయన సంచీ నా చేతికిచ్చి, "ఏట్రా ఆ మొహం? పుచ్చులున్నాయేమో సూడు" అన్నారు.

ఫోన్ వచ్చిన రోజు మధ్యాహ్నానికి అనకాపల్లి చేరాను. అప్పటికే పాడె లేచింది. ముందు కొమ్ము పట్టినవాణ్ణి చూసి గుర్తుపట్టాను. ఆ పిల్లవాడే, ఇప్పుడు అరవై దాటిన మనిషి, బెల్లం కొట్టు యజమాని. వెనక ఎవరో అంటున్నారు: "సూడండి, సెవి పోగొట్టినాయన్నే మోత్తన్నాడు. ఎంత మంచోడో!"

శారద ఏటి ఒడ్డున చితి అంటించాక అతని పక్కకు వెళ్లి నిలబడ్డాను.  మెల్లగా, ఇంకెవరికీ వినపడకుండా చెప్పాను. "నిన్ను కొట్టింది ఆయన కాదు బాబూ. నేను."

అతను మంటవైపే చూస్తున్నాడు. కాసేపటికి నేను పక్కనున్నట్టు తెలిసి తిరిగాడు.

"ఏటన్నారు బాబూ? ఆ సెవి పన్జెయ్యదు. ఇటొచ్చి గట్టిగా సెప్పండి" అని కుడిచెవి దగ్గర చెయ్యి డొప్పగా పెట్టి, నా ముందుకు వంగాడు.

చుట్టూ ఊరు ఊరంతా ఉంది. నా స్నేహితుడు ఉన్నాడు. మేష్టారి మనవలు ఉన్నారు. నేను గట్టిగా చెప్పాను. చితి చుట్టూ ఉన్నవాళ్లంతా మా వైపు తిరిగారు. నేను చెప్పడం అయిపోయింది. అతను మాత్రం అలాగే వంగి, చెవి దగ్గర పెట్టిన చెయ్యి దించకుండా ఉండిపోయాడు.