గోల్ఫ్ క్లబ్బు ఐసుగడ్డ

మా కాలనీలో ఐసుగడ్డ ఒక్కచోటే దొరికేది. గోల్ఫ్ క్లబ్బులో.

ఈ సంగతి ముందే చెప్పకపోతే, ఆటల మీద ఏ మోజూ లేని నేను ఆ క్లబ్బు సభ్యత్వం కోసం రెండు ఎండాకాలాలు ఎందుకంత ఆరాటపడ్డానో ఎవరికీ అర్థం కాదు. మా బాబుకు పద్నాలుగో నెలలో జ్వరంతో పాటు ఫిట్స్ వచ్చాయి. కళ్లు తేలేశాడు, చేతులు బిగుసుకున్నాయి. పక్క క్వార్టరులో ఉండే కాంపౌండరు భార్య పరుగెత్తుకొచ్చి వాణ్ని పక్కకు తిప్పి పట్టుకుంది. మిషన్ ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకున్న మనిషి ఆమె. బి.ఎ. చదివిన నేను గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను. తరువాత డాక్టరు, "కొంతమంది పిల్లలకు కొన్నేండ్లు ఇట్లనే అయితదమ్మా. జ్వరాన్ని పైకి పోనియ్యొద్దు. తడిగుడ్డ వెయ్యి, ఐసుగడ్డ దొరికితే తలమీద పెట్టు" అన్నాడు. ఆదిలాబాదు జిల్లా బొగ్గుబావుల మధ్య మే నెలలో కుండలో నీళ్లు కూడా వెచ్చగానే ఉంటాయి. "దొరికితే" అన్న మాట ఆయనకు చిన్నది. నేను దాన్నే పట్టుకుని ఇంటికొచ్చాను.

ఎప్పుడో ఇక్కడ పనిచేసి వెళ్లిపోయిన తెల్లదొర ఒకాయన బంతి పడే ఆరు గుంటలతో ఆ గోల్ఫ్ మైదానం వేయించాడట. ఈ ఎండకు గడ్డి బతకదు. అందుకని గుంట చుట్టూ గోదావరి ఇసుక పరిచి, వర్క్‌షాపులో వాడి పారేసిన నూనెతో దాన్ని తడిపి, నల్లగా గట్టిగా చదును చేసేవారు. దాని మీద అడుగు పడితే గుర్తు అట్లాగే ఉండిపోతుంది. అందుకే చుట్టూ ముళ్లతీగ, సభ్యులు కానివారు దాటరాదని ఒక బోర్డు. మా క్వార్టర్లు ఈ పక్క, క్లబ్బు ఆ పక్క. అడ్డంగా పోతే పది నిమిషాలు. రోడ్డు వెంట చుట్టూ తిరిగిపోతే అరగంట పైన.

సభ్యత్వానికి మొదటి షరతు ఆఫీసరు ఉద్యోగం. మా ఆయన బావిలో కూలీల పని చూసే ఓవర్‌మన్‌గా చేరి, పరీక్ష పాసై, ఆ ఏడే అసిస్టెంటు మేనేజరు అయ్యారు. బంగళా ఖాళీ లేక మేమింకా పాత క్వార్టరులోనే ఉన్నాం. ఇద్దరు సభ్యులు సంతకాలు పెట్టాలి. పేరు పదిహేను రోజులు బోర్డు మీద ఉండాలి. ఈలోగా ఎవరికైనా ఇష్టం లేకపోతే సెక్రెటరీ చెవిన వేస్తే చాలు, కారణం చెప్పనక్కరలేదు. సెక్రెటరీతో ఒక ఆట ఆడి చూపించాలి. ఇక నియమాల పుస్తకంలో లేనిది ఒకటుంది. దరఖాస్తు పెట్టినవారి భార్యను కమిటీ వాళ్ల భార్యలు టీకి పిలుస్తారు. ఆ టీ తాగకుండా లోపలికి పోయినవాళ్లెవరూ లేరు.

మా ఆయన ఎవరిదో కర్ర అడిగి తెచ్చుకుని, పెరట్లో రాలిన మామిడి పిందెలను కొడుతూ ఆట నేర్చుకున్నారు. గోడవతల నుంచి కాంపౌండరు భార్య తొంగిచూసి పిల్లల కర్రాబిళ్లతో పోల్చేది.

"ఏంది సార్, గీ వయసుల చిర్రగోనె మొదలువెట్టిన్రు?"

"చిర్రగోనె అయితే ఎప్పుడో గెలుస్తుంటి అక్కా! గిది చేతికి అందుతలేదు."

ఎట్లాగో ఆ ఆట గట్టెక్కింది. మిగిలింది నా టీ.

క్లబ్బు గదిలో నలుగురు ఆడవాళ్లు ఉన్నారు. అందరిలోకీ పెద్దరికం సెక్రెటరీ భార్యది, హైదరాబాదు మనిషి. ఇంగ్లీషులో పూలమొక్కల గురించీ, వంటవాళ్ల గురించీ మాట్లాడుకున్నారు. నేనూ తప్పుల్లేకుండా జవాబులు చెప్పాను. కప్పులు తీసేశారు. అక్కడితో అంతా బాగానే ఉంది.

నేను బొట్టు కోసం కూర్చున్నాను.

కరీంనగర్లో మా ఇంట్లో గానీ, తెలిసిన ఏ ఇంట్లో గానీ, వచ్చిన ముత్తయిదువకు బొట్టు పెట్టకుండా పంపించరు. బొట్టు పెట్టకముందే లేచి వచ్చేస్తే అలిగి వచ్చినట్టు. "గట్ల లేసి రావద్దు బిడ్డా, వాళ్ల మనసు కష్టపడ్తది" అని మా అవ్వ చిన్నప్పుడే నేర్పింది. ఎవరో ఒకరు కుంకుమ భరిణె తేవడానికి లేస్తారని చూశాను. ఎవరూ లేవలేదు. వాళ్ల పద్ధతిలో అతిథి ముందు లేవాలనీ, అప్పటిదాకా పిలిచినవాళ్లు కదలకూడదనీ నాకు తెలియదు. ఎండ గురించి మాట్లాడుకున్నాం. కాసేపాగి మళ్లీ ఎండ గురించే మాట్లాడుకున్నాం. దీపాలు వేశారు. పేకాటకు వచ్చిన మగవాళ్లు తలుపు దాకా వచ్చి, మమ్మల్ని చూసి వెనక్కి పోయారు. ఆ మధ్యాహ్నం బాబు ఒళ్లు కొంచెం వెచ్చగా అనిపించింది. నా ప్రాణమంతా ఇంటి దగ్గరే ఉంది, అయినా లేవలేను.

చివరికి సెక్రెటరీ భార్య, "మీకు ఇంట్ల పని ఉన్నదేమో?" అంది మెల్లగా.

"ఏం లేదండి, ఫరవాలేదు" అన్నాను నవ్వుతూ.

మా ఆయన గేటు దగ్గరికొచ్చి నిలబడితేగానీ నేను లేవలేదు. బొట్టు పెట్టకుండా పంపించారని దారంతా నాకూ వాళ్ల మీద కోపంగానే ఉంది.

పదిహేనో రోజుకు బోర్డు మీద మా పేరు లేదు. "వచ్చే ఏడు చూద్దాం" అన్నాడట సెక్రెటరీ. ఎందుకో మా ఆయన ఎవరి దగ్గరో తెలుసుకుని వచ్చారు.

"ఎంతకూ లేవలేదంట గద నువ్వు?"

"బొట్టు పెట్టంది ఎట్ల లేస్త?"

"క్లబ్బుల బొట్టు పెడ్తరానే?"

"పెట్టరని నాకెవలు చెప్పిన్రు?"

ఆయనకు నవ్వొచ్చింది. నా ముఖం చూసి ఆపుకున్నారు. కాంపౌండరు భార్య మాత్రం ఆపుకోలేదు. "మాకు ఆ తిప్పలు లేదు చెల్లె. మేం బొట్టే పెట్టుకోం గద, ఎక్కడికెల్లయినా లేసి వస్తం" అంది. ఇంకోరోజైతే నేనూ నవ్వేదాన్ని. ఆ రోజు నాకు ఒక్కటే కనిపించింది. లేవాల్సినప్పుడు లేవక, నా బిడ్డకు ఐసుగడ్డ లేకుండా చేసుకున్నాను.

మరుసటి ఎండాకాలం దాకా భయంతోనే గడిపాను. రోజుకు ఎన్నిసార్లు వాడి నుదురు ముట్టుకునేదాన్నో. వాడికే విసుగొచ్చి నా చెయ్యి తోసేసేవాడు. ఏప్రిల్ చివర ఒకనాడు మధ్యాహ్నం ముట్టుకుంటే చెయ్యి కాలింది. మా ఆయన బావిలో ఉన్నారు. కాంపౌండరు భార్య వాణ్ని ఒళ్లోకి తీసుకుని, తడిగుడ్డ పిండుతూ, "నువ్వు పో చెల్లె, ఎట్లనన్న పట్కరా. నేను సూస్త" అంది.

తపేలా, తువాలు తీసుకుని, ముళ్లతీగ ఎత్తి దూరి, మైదానానికి అడ్డంగా పడి పోయాను. చెప్పులు ఎక్కడ ఊడాయో తెలియదు. ఎవరో వెనకనుంచి కేకలేశారు. క్లబ్బు వంటగది ముసలాయన నన్ను చూసి తపేలా అందుకోబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మెంబరు సైను గావాలె అమ్మా. సైను లేకుంటె బరుఫు ఇయ్యరాదు. నా నౌకరి పోతది."

వరండాలో సెక్రెటరీ భార్య పత్రిక చదువుతోంది. నా కాళ్లకంటిన నల్లనూనెను చూసింది, తపేలాను చూసింది. "పిల్లగానికా?" అంది. నేను తలూపాను. ఆమె లేచి వచ్చి సంతకం పెట్టింది. "జల్ది పగలగొట్టు" అంది ముసలాయనతో.

ఐసుగడ్డ పగిలేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం.

"ఆ పొద్దు మీరు ఎంతకూ లేవలే. ఏదో పంతం పట్టిన్రనుకున్నం."

"బొట్టు పెడ్తరని చూసిన."

"అయ్యో! ఇంట్ల అయితే పెడ్దును. ఇక్కడ యాదికే రాలే" అంది. తరువాత, "మా చిన్నదానికి పాలియ్యాలె ఆ పొద్దు. ఈమె ఎప్పుడు లేస్తదా అని నేనెంత పరేషాన్ అయిన్నో!" అంది.

ఈలోగా ఐసుగడ్డ పగిలింది. తపేలా తువాలులో చుట్టుకుని వచ్చినదారినే పరుగెత్తాను. ఆ రోజు ఫిట్స్ రాలేదు. ఐసుగడ్డ వల్లనా, తడిగుడ్డ వల్లనా అని అడిగితే, "ఏదైతేంది, దేవునికి స్తోత్రం" అని కాంపౌండరు భార్య వాణ్ని నా చేతుల్లో పెట్టి వంటకు పోయింది.

ఇసుకలో నా అడుగుల గురించి మా ఆయనకు క్లబ్బు నుంచి ఉత్తరం వచ్చింది. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు, నాకు చదివి వినిపించలేదు. కొన్నాళ్లకు ఇంకో సంగతి తెలిసింది. డాక్టరు చీటీ ఉంటే కాలనీలో ఏ బిడ్డకైనా ఐసుగడ్డ ఇస్తారు. అయితే వెనక వంటగది తలుపు దగ్గర, అదీ రోడ్డు వెంట తిరిగి వచ్చి తీసుకోవాలి. సెక్రెటరీ భార్య పట్టుబట్టిందట.

నాకు కావలసింది ఐసుగడ్డే, క్లబ్బు కాదని అందరితో అంటుంటాను. అది పూర్తి నిజం కాదు. వెనక తలుపు దగ్గర మొదటిసారి చీటీ చాచినప్పుడు, ముందు వరండాలో కుర్చీలు జరిపిన చప్పుడు వినిపించి నా చెవులు వేడెక్కాయి. మేం దరఖాస్తు మళ్లీ పెట్టాం. పేరు ఇప్పుడు బోర్డు మీద ఉంది. అవుతుందో కాదో తెలియదు.

పోయిన వారం బాబుకు మళ్లీ జ్వరం వచ్చింది. నేను పోయేసరికి వెనక తలుపు దగ్గర నాకంటే ముందు ముగ్గురున్నారు. ఆ పూట ఐసు తక్కువుందని లోపలినుంచి ముసలాయన అంటున్నాడు. నేను అసిస్టెంటు మేనేజరు భార్యనని ఆయనకు తెలుసు. ఆయన ముందుకు రమ్మంటాడేమోనని ఆశపడ్డాను, రమ్మంటే ఎట్లా అని భయపడ్డాను. ఆయన వరసలో మొదటి చీటీ కోసం చెయ్యి చాచాడు. మొదట నిలబడ్డ ఆమె, బావిలో బొగ్గు ఎత్తే మనిషి భార్య, తిరిగి నా ముఖం చూసింది.

"నీ పిలగాడు ఎంతోడు?"

"రెండేండ్లు నిండినయి. ఫిట్సు వస్తయి."

"అయితె నువ్వు తీస్కపో ముందుగాల. మాది జర పెద్దదే."

మిగతా ఇద్దరూ జరిగి దారిచ్చారు. నేను తపేలా నింపుకుని, రోడ్డు వెంట గబగబా ఇంటికొచ్చి, వాడి తలమీద గుడ్డలో ఐసు పెట్టి కూర్చున్నాను. వాడి ఊపిరి నెమ్మదించింది. ఆ తరువాతే తోచింది నాకు, ఆమె బిడ్డకు జ్వరం ఎంతుందో నేను అడగనే లేదని.