ఓబక్క తొట్టిలో మీసాలప్ప

మైసూరు రాజుల కాలంలో, నిడుగల్లు కొండ కింద దారి పక్కన నీళ్ల తొట్టి పెట్టుకుని బతికిన ఓబక్క మా అమ్మకు మేనత్త. ఆమె గురించి అడిగితే మావాళ్లంతా చేప గురించే చెబుతారు. నాకైతే ఆ చేపకు వైద్యం చేసినవాళ్ల మీద ఇప్పటికీ కోపమే. ఓబక్క మీద కూడా.

పినాకిని ఏరు నిండుగా పారిన ఏడు, ఆమె మొగుడు బైలప్ప ఆ ఏటి ఒడ్డునున్న నాగలమడిక నుంచి తడి తువ్వాలులో చుట్టి ఒక మీసాల చేపను తెచ్చి ఆ రాతి తొట్టిలో వదిలాడు. పురుగూ పుట్రా తిని నీళ్లు శుభ్రంగా ఉంచుతుందని. మరుసటేడు వాంతిభేదికి పోయాడు. పిల్లల్లేరు. ఓబక్క ఆ చేపకు మీసాలప్ప అని పేరు పెట్టి, మొగుడితో చెప్పుకోవాల్సినవన్నీ దానితో చెప్పుకునేది.

రోజూ కొండమీద రాళ్ల మధ్య వాననీరు నిలిచే దొన నుంచి కడవతో మోసి తొట్టి నింపేది. దాహానికి వచ్చినవాళ్లు ముందు తొంగి చూసేవాళ్లు. మీసాలప్ప అడుగున తిరుగుతూ, మధ్యమధ్య పైకొచ్చి ఒక గుటక గాలి మింగి పోతుంటే నీళ్లు మంచివని లెక్క. తాగి, గుప్పెడు రాగులో చెనిక్కాయలో గట్టు మీద పెట్టి పోయేవాళ్లు. ఆమె తిండి అదే.

వానలు మొహం చాటేసిన మూడో ఏడు దొన అడుగంటింది, చుట్టుపక్కల వాళ్లకూ ఆ తొట్టి నీళ్లే దిక్కయ్యాయి. తొట్టిలో పురుగులు కూడా కరువై మీసాలప్ప చిక్కిపోయాడు. ఓబక్క మనసు ఆగలేదు. నూనె తీయగా మిగిలిన ఎండు గానుగచెక్క ముక్కలు పిడికెడు వేసింది. ఆకలి మీదున్న చేప ఆబగా మింగింది. కడుపులో చెక్క నాని ఉబ్బింది. తెల్లారేసరికి చేప వెల్లకిలా తేలుతోంది. చావలేదు, మీసాలు కదులుతున్నాయి. కిందికి పోవాలని తన్నుకుంటే, ఎండు సొరకాయ లాగా మళ్లీ పైకే.

"నీళ్లు చెడినాయి" అని ఖాళీ కడవలతో జనం వెనక్కి మళ్లారు. హోబళీ మీద పెద్ద అయిన శేకుదారు కబురు పంపాడు: సోమవారం వస్తాను, చేప అట్లే ఉంటే తొట్టి ఖాళీ చేయిస్తాను. ఖాళీ అయితే మళ్లీ నింపడానికి నీళ్లు లేవు.

ఓబక్క వాము నీళ్లు పట్టింది. అరచేతిలో నిలబెట్టి పట్టుకుంది. చేయి తీస్తే మళ్లీ వెల్లకిలే. "నువ్వూ నన్నిడిసి పోతావా?" అని ఏడ్చింది. నాలుగు రోజులు పస్తు పెట్టి ఊరుకుని ఉంటే తగ్గేదేమో! ఊరుకోవడం మా వంశంలో ఎవరికి చేతనయింది?

ఆదివారం రాత్రి గొర్రెల వైద్యం చేసే దొడ్డయ్యను పిలిచింది. కడుపుబ్బిన గొర్రెకు డొక్కలో దబ్బనంతో పొడిచి గాలి తీస్తాడతను.

"ఇది గొర్రె కాదు గదక్కా."

"ఉబ్బరం ఎవురికైనా ఉబ్బరమే గదప్పా. పొడువు."

పొడిచాడు. బుడగొకటి వచ్చింది. మీసాలప్ప తిన్నగా తిరిగి అడుగుకు దిగాడు. ఓబక్క దొడ్డయ్య చేతులు పట్టుకుని ఏడ్చేసింది. చేప లోపల గాలితిత్తి ఉంటుందని, దానికి చిల్లు పడితే పైకి లేవలేదని ఆ ఇద్దరికీ ఎవరు చెప్పారు?

సోమవారం శేకుదారు వచ్చి తొంగి చూశాడు, వెనక కడవలతో జనం. చేప అడుగున తిన్నగా ఉంది.

"బాగుండాది. నింపుకోండి."

కడవలు మునిగాయి. అందరూ నీళ్లు చూస్తున్నారు, ఓబక్క చేపను చూస్తోంది. మీసాలప్ప గాలికోసం జానెడు లేచి, పడ్డాడు. మళ్లీ లేచి, పడ్డాడు. చేయి పెట్టి ఎత్తితే చేప బాగాలేదని అందరికీ తెలిసిపోతుంది. మూడోసారి పక్కకు ఒరిగిపోయాడు. నోరు తెరుచుకుంది.

ఓబక్క భుజం దాకా చేయి ముంచి పైకెత్తింది. "మింగప్పా, మింగు!"

చేప గుటకేసింది. అందరూ చూశారు.

"ఏందిది?" అన్నాడు శేకుదారు.

"సూదితో పొడిపిచ్చినా సామీ. చెక్క బెట్టింది నేనే. నీళ్లల్లో ఏ దోసమూ లేదు సామీ!"

ఎవరూ వినలేదు. కడవలు కుమ్మరించారు. తొట్టి అడుగున తూముకు కుక్కిన గుడ్డ పీకేశారు. నెలల తరబడి ఆమె నెత్తిన మోసిన నీళ్లు ఎండునేలలోకి ఇంకిపోతుంటే, చేపను ఎత్తిపట్టుకుని నిలబడింది.  నాలుగు వేళ్ల నీళ్లు మిగిలినప్పుడు చేప ఆమె చేతుల్లోంచి జారిపోయింది.

మీసాలప్ప అడుగున ఉన్నచోటే తల ఎత్తి, నోరు బయటపెట్టి, తనంతట తాను గుటకేశాడు. మళ్లీ ఇంకోటి.

ఓబక్క తొట్టిలోకి దూకి తూముకు అరచేయి అడ్డం పెట్టింది.

"ఇంతేనా నీకు కావాల్సింది? ఇంతేనా?"

అందరూ వెళ్లిపోయేదాకా ఆ చేయి తీయలేదు.