ముందే బయల్దేరిన బ్యాగు

నిన్నటి నుంచి నా కారంతా ఆవకాయ వాసన. పచ్చడి సీసాతో సహా నవీన్ బ్యాగుని నిన్ననే నా డిక్కీలో పెట్టించాను. మా టీమ్‌లో కుర్రవాడు. కాలిఫోర్నియాలో డబ్లిన్‌లో ఉన్న అతని భార్యకు నెలలు నిండాయి. ఇవాళ అతన్ని సియాటిల్ ఎయిర్‌పోర్ట్‌లో దింపుతుంటే, "ఫ్లైట్ రెండు గంటలే కదన్నా, నొప్పులు రాకముందే ఎందుకు?" అని గొణిగాడు. నాకు నవ్వొచ్చింది. ఒకప్పుడు వసుంధర గారి ముందు నేనూ అచ్చం ఇలాగే మాట్లాడాను.

సియాటిల్ పక్కన రెడ్‌మండ్‌లో నా మొదటి మేనేజరు ఆవిడ. తెనాలి మనిషి. మాట కరుకు, మనసు వెన్న. అప్పట్లో నా భార్య సుధకు అరిజోనాలో, ఫీనిక్స్ పక్కన చాండ్లర్‌లో ఉద్యోగం, నాకిక్కడ. తొలి కాన్పు. డాక్టరిచ్చిన తేదీ ఇంకా దూరంగా ఉంది. సాయానికొచ్చిన మా అత్తగారు పంచాంగం చూసి, మంగళవారం ప్రయాణం వద్దు, శుక్రవారం దివ్యంగా ఉంది అన్నారు. శుక్రవారానికే బుక్ చేశాను. ఈలోగా నొప్పులొస్తే ఫోన్ చేస్తారు, ఫీనిక్స్‌కి మూడు గంటలే కదా అని నా ధీమా.

సోమవారం లంచ్ దగ్గర ఆ మాటే అంటే, ఆవిడ పెరుగన్నం తినడం ఆపారు.

"ఆ మూడు గంటలూ విమానానివి శ్రీధర్, నీవి కావు. ఎయిర్‌పోర్ట్ దాకా ట్రాఫిక్‌ని ఎవరు లెక్కేస్తారు? సెక్యూరిటీ లైనో? నీకోసం సీటు ఖాళీగా ఉంచుతారా? నీ కుర్చీలోంచి సుధ మంచం దగ్గరికి ఎంతసేపో అది చెప్పు. రేపే వెళ్ళు, అక్కణ్ణుంచి వర్క్ చెయ్యి."

"రేపు మంగళవారమండీ. మా అత్తగారు ఊరుకోరు."

"అయితే ప్రస్థానం పెట్టు."

నేను తెల్లమొహం వేస్తే విడమరిచి చెప్పారు. మంచి ఘడియలో మనం కదలలేకపోతే మన సామాను ముందుగా ఇంకొకరింట పెడతారట. ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. అత్తగారికి ఫోన్ చేస్తే పంచాంగం తిరగేసి, "ఇవాళ సాయంత్రం దాకా బానే ఉంది బాబూ, పెట్టేయండి" అన్నారు. సాయంత్రం లోపే నా బ్యాగు వసుంధర గారి డిక్కీలోకి చేరింది.

"ఇవన్నీ నమ్ముతారా మీరు?" అనడిగాను.

"నువ్వు అక్కడుండాలి, మీ అత్తగారు స్థిమితంగా ఉండాలి. ఒక్క బ్యాగుతో రెండూ అవుతుంటే నీకేం నొప్పి?"

మర్నాడు విమానం ఆలస్యంగా కదిలినా చీకటి పడేసరికి ఇంట్లో ఉన్నాను. బుధవారం పొద్దున సుధకు నొప్పులు మొదలయ్యాయి. హాస్పిటల్‌కి తీసుకెళ్ళిన కాసేపటికే పాప పుట్టేసింది. రెడ్‌మండ్‌లోనే ఉండుంటే అప్పటికి సెక్యూరిటీ లైన్లో బూట్లు విప్పుతూ ఉండేవాణ్ణి. సుధ నా చెయ్యి వదల్లేదు. పాప ఏడుపు విన్నాక నేనూ ఏడ్చాను. అంత నిశ్చింతగా ఎప్పుడూ ఏడవలేదు.

వసుంధర గారు రిటైరై చాలాకాలమైంది. ఆవిడ నేర్పిన కోడింగంతా పాతబడిపోయింది. బ్యాగు పద్ధతి మాత్రం నా దగ్గరే ఉంది. టీమ్‌లో ఎవరింట్లో కాన్పున్నా వాళ్ళ సామాను ముందు నా కారెక్కాల్సిందే.

సాయంత్రం నవీన్ మెసేజ్ పెట్టాడు: "చేరానన్నా. తను నన్ను చూసి నవ్వింది, ఇప్పుడు నిద్రపోతోంది." దాన్ని వసుంధర గారికి పంపాను. వెంటనే జవాబొచ్చింది.

"గడప నుంచి గడపకి ఎంతసేపు పట్టిందో కనుక్కో."

నేను నవీన్‌ని అడగలేదు. పడుకోనీ, చేరాడు కదా.