గడియారం పక్కన రేపల్లె తీగె

కంప్యూటరున్న గదిలోకి చెప్పులు బయట విడిచి వెళ్లే రోజులవి. కంప్యూటరు నేర్పేవాడంటే, మా వీధివాళ్ల లెక్కన, ఇంచుమించు డాక్టరే. ఆ గౌరవాన్నంతా భుజాన వేసుకుని నేను రోజూ రేపల్లెలో పాసింజరెక్కి, తెనాలిలో ఒక కంప్యూటరు సెంటర్లో పాఠాలు చెప్పడానికి వెళ్లేవాణ్ణి. మనిషిని వెదురుబద్దలా ఉండేవాణ్ణి. టక్ చేసుకున్న చొక్కాలో నాతోపాటు ఇంకొకడికి కూడా చోటుండేది. అయినా నా లోపల ఒక పులి ఉందని నా గట్టి నమ్మకం. (ఆ పులి సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియకపోవడమే వచ్చిన చిక్కు.)

బాపట్ల నుంచి ఇంకో మాస్టారు వచ్చి చేరేదాకా అంతా బాగానే ఉంది. ఉంగరాల జుట్టు, నలగని చొక్కా. వచ్చిన వారానికే పిల్లలు 'హీరో సార్' అని పేరు పెట్టేశారు. అది చాలదన్నట్టు, ఒకరోజు ఆయన కంప్యూటర్లో కింద కుడిమూల, గడియారంలో టైము పక్కన ఏ.ఎం. అని ఉండాల్సిన చోట, ఇంగ్లీషు అక్షరాల్లో 'హీరో' అని ప్రత్యక్షమైంది! పది గంటల హీరో, పదింబావు హీరో. మధ్యాహ్నం పి.ఎం. ఉండాల్సిన చోటా హీరోయే. నా బ్యాచ్‌వాళ్లు సైతం పాఠం మధ్యలో లేచి వెళ్లి చూసొచ్చారు. నాకు ఒళ్లు మండిపోయింది. అన్నం సయించలేదు. టైము చూసుకోవాలంటేనే చిరాకేసేది.

ఉండబట్టలేక అడిగాను. "ఏంటండీ అది, ఎలా పెట్టారు?"

"అదంతా ప్రోగ్రామింగండీ, చెప్పినా మీ బుర్రకెక్కదు" అని దువ్వెన తీశాడు. నా బుర్రకెక్కదట! దానికితోడు సెంటరు యజమాని, మేమంతా పెద్దసారనే వాళ్లం, టీ తాగుతూ, "సీనియర్ బ్యాచ్ బాపట్లాయనకిద్దామనుకుంటున్నానయ్యా. టెక్నిక్ తెలిసినోడు" అన్నాడు. ఆ బ్యాచ్ మీద నేను ఏడాదిగా ఆశ పెట్టుకున్నాను. ఆ మాట విన్నాక టీ కాస్తా కషాయమైపోయింది.

ఇక వేట మొదలుపెట్టాను. కంప్యూటరు పేరు మార్చాను, ఫోల్డర్ల పేర్లు మార్చాను, రీసైకిల్ బిన్‌కు కూడా నా పేరే పెట్టుకున్నాను. (అది చూసి నవ్వనివాడు లేడు.) గడియారం మాత్రం లొంగలేదు. చివరికి హీరో సెలవు పెట్టిన రోజున ఆయన కుర్చీలో కూర్చుని, కంట్రోల్ ప్యానెల్లో ఉన్న ప్రతి బొమ్మా నొక్కుకుంటూ పోతే, ప్రాంతీయ సెట్టింగుల్లో దొరికింది. ఏ.ఎం. గుర్తుగా ఏం చూపించాలో మనమే రాసుకునే ఒక చిన్న గడి! ఇంతేనా? దీనికా ప్రోగ్రామింగని పేరు?

మర్నాడు అందరికంటే ముందు వచ్చి, ఒక్కదానితో సరిపెట్టుకోకుండా నా ల్యాబులో ఉన్న కంప్యూటర్లన్నిటిలోనూ 'రేపల్లె టైగర్' అని ఇంగ్లీషులో కొట్టేశాను. కీబోర్డు చూసుకుంటూ కొట్టడం నా అలవాటు. ఆ గడిలో, మధ్యలో వదిలిన ఖాళీతో కలిపి, పన్నెండు అక్షరాలకు మించి పట్టవన్న సంగతి నాకేం తెలుసు?

బ్యాచ్ వచ్చింది. గుమ్మంలో హీరో కూడా వచ్చి నిలబడేసరికి ఛాతీ విరుచుకుని, "నోట్‌ప్యాడ్ తెరిచి ఎఫ్ ఫైవ్ నొక్కండి. టైమెలా వస్తుందో చూడండి" అన్నాను. నొక్కారు. గది నిశ్శబ్దమైపోయింది. పులిని చూసి జడుసుకున్నారనుకున్నాను.

ముందు వరుసలో భట్టిప్రోలు టీచరమ్మ ఉండేది. వేసవి సెలవుల్లో కంప్యూటరు నేర్చుకోవడానికి వచ్చిన పెద్దావిడ. కళ్లజోడు సర్దుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని, "రేపల్లె... తీగె. మాస్టారూ, ఏం తీగండీ ఇది? కాకరా, బీరా?" అంది.

తెర మీదికి వంగి చూశాను. టైగర్‌లో చివరి 'ఆర్' లేదు! తెర మీద ఉన్నదీ, తెర పక్కన నిలబడి ఉన్నదీ ఒకటేనని అప్పటికే అందరికీ అర్థమైపోయింది. టీచరమ్మ పమిట నోటికడ్డం పెట్టుకుంది. వెనక వరుస బల్లలు చరిచింది. చేసేది లేక, "ఏదైనా పందిరేస్తే పాకుతుందండీ" అన్నాను. ఇక ఆ గదిలో ఊపిరి తీసుకున్నవాడు లేడు.

ఆ సాయంత్రం తెనాలి స్టేషన్లో హీరో నా పక్కకొచ్చి కూర్చున్నాడు. ఏడిపించడానికే వచ్చాడనుకున్నాను.

"మీరంటే నాకెంత కుళ్లో తెలుసాండీ?" అన్నాడు.

"నా మీదా?"

"మరి? నా క్లాసులో రాసుకుంటారు, వెళ్లిపోతారు. ఒక్కడూ నవ్వడు. ఇవాళ మీ నవ్వులు విని మా వాళ్లంతా లేచొచ్చేశారు. రేపటి నుంచి మీ గదిలో కూర్చుంటామంటున్నారండీ" అన్నాడు, తల దించుకుని.

"అదేం లేదులెండి" అని గొణిగేలోపు ఆయన బాపట్ల బండి వచ్చేసింది. సీనియర్ బ్యాచ్ ఆయనకే వెళ్లింది. నాకు తీగె మాస్టారన్న పేరు మిగిలింది.

ఇన్నేళ్ల తర్వాత ఆ సన్నటి కుర్రాణ్ణి తలుచుకుంటే ముచ్చటేస్తుంది. తనను చూసి కుళ్లుకునే మనిషి కూడా లోకంలో ఒకడున్నాడన్న సంతోషంలో, ఆ సాయంత్రం రేపల్లె పాసింజర్లో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోకుండా, భట్టిప్రోలు దాటేదాకా తలుపు దగ్గర కాలరెగరేసుకుని నిలబడే వెళ్లాడు పిచ్చివాడు.