చెవుడు డాక్టరుగారి చేతిలో తుంటి

ఆ ఎముకల డాక్టరుగారికి ఏదీ ఒక్కసారికి వినపడదు. "ఏమన్నారూ? ఇంకోసారి చెప్పండి" అనకుండా ఆయన ఒక్క రోగినీ చూసి ఎరగరు. అందుకే ఊరంతా చెవుడు డాక్టరనే పిలిచేది. కొత్తవాళ్ళు గొంతు చించుకుంటే, "అరవకండమ్మా, మెల్లిగానే చెప్పండి. కానీ ఇంకోసారి చెప్పండి" అనేవారు.

లైబ్రరీలో పనిచేసే ఆవిడ భర్త చెయ్యి పట్టుకుని ఆయన గదిలోకి కుంటుతూ వచ్చింది. రెండు నెలలుగా నొప్పి. ఇద్దరు డాక్టర్లు నరం పట్టిందన్నారు. ఎక్స్‌రేలో ఏమీ లేదు. ఏమీ లేకపోతే అడుగెందుకు పడటం లేదో తెలియక ఆవిడకి తిండి సయించడం లేదు.

"ఎక్కడమ్మా నొప్పి?"

"మోకాలండీ."

"ఏమన్నారూ?"

"మోకాలండీ!"

"ఇంకోసారి."

"మోకాలు... కాస్త పైకి... తొడ."

భర్త పళ్ళు నూరాడు. నర్సు అతన్ని బయటికి పంపి తెర లాగింది. డాక్టరుగారు అరచెయ్యి చెవికి ఆన్చి ముందుకు వంగారు.

"గజ్జల్లోనండీ" అంది ఆవిడ తల దించుకుని. "అడుగేస్తే పొడిచినట్టుంటుంది."

అంతవరకూ ఏ డాక్టరుకీ ఆ మాట చెప్పలేదు.

మందుల సంగతీ అంతే. రెండుసార్లు "ఏమీ వాడలేదండీ" అంది. మూడోసారి గుర్తొచ్చింది: ఒంటిమీద పొక్కులకి ఏడాదిపాటు స్టెరాయిడ్ మాత్రలు మింగింది. ఆయన ఆవిడ మోకాలు మడిచి కాలు మెల్లిగా తిప్పి చూశారు. ఆవిడ కెవ్వుమంది. ఆ కేక మాత్రం ఆయనకి మొదటిసారే వినపడింది.

"తుంటిలో బంతిలాంటి ఎముక ఉంటుందమ్మా. ఆ స్టెరాయిడ్ల వల్ల ఒక్కోసారి దానికి రక్తం అందక లోపల్లోపలే చచ్చిపోతుంది. మొదట్లో ఎక్స్‌రేకి దొరకదు. రెండు తుంట్లకీ ఎమ్మారై తీయిద్దాం."

చచ్చిపోతుంది అన్న మాట దగ్గరే ఆవిడ ఆగిపోయింది. మర్నాడు ఎమ్మారై గొట్టంలో కదలకుండా పడుకుని, చుట్టూ దడదడ చప్పుడవుతుంటే, తన ఒంట్లో ఒక ముక్క తనకంటే ముందే పోయిందని తలుచుకుంది. ఎత్తుకోమని చేతులు చాచే నాలుగేళ్ళ కూతురికి ఇక ఏం చెప్పాలి?

ఆయన అనుమానం నిజమే. కుడి తుంటిలో కొంత ఎముక చచ్చింది. ఎడమది బాగానే ఉంది.

"బంతి ఇంకా కుంగలేదు. ఆపరేషన్ చేసి, ఎముకకి సన్నటి రంధ్రం వేసి లోపలి ఒత్తిడి తగ్గిద్దాం. కొన్నాళ్ళు ఆ కాలిమీద బరువు మోపకండి. నిలబెట్టుకునే వీలుంది."

ఆవిడ వరండా చివరికి వెళ్ళి భర్త చెవిలో గొణిగింది: "నాకు భయంగా ఉందండీ. ఇంత చెవుడుతో ఆపరేషనేమిటి?"

గదిలోంచి గొంతు వచ్చింది: "చేసేది చేతులతోనమ్మా, చెవులతో కాదు!"

ఇద్దరూ కొయ్యబారిపోయారు. వాళ్ళ వెనకే వచ్చిన నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"చీమ నడిచినా వినపడుతుంది ఆయనకి! భయంతో వచ్చినవాళ్ళు అసలు మాట మొదటే చెప్పలేరట. గుచ్చి గుచ్చి అడిగితే బెదిరిపోతారు. అందుకే తప్పు తన చెవి మీద వేసుకుంటారు. ఎవరికీ చెప్పకండేం!"

ఆపరేషనయ్యాక నాలుగు నెలలకి ఆవిడ చంకకర్రలు లేకుండా చూపించుకోడానికి వచ్చింది. వరసలో పక్కనున్న ముసలాయన బెదురుగా ఆవిడ వైపు వంగాడు. "డాక్టరుగారికి నిజంగానే చెవుడా అమ్మా?" అని అడిగాడు.

"బ్రహ్మచెవుడు బాబాయ్!" అంది ఆవిడ, అతని పక్కకి జరిగి కూర్చుంటూ. "విసుక్కోకుండా మూడుసార్లు చెప్పు."