ఓపా సమాధిలో చోటు

లిలువా రైల్వే కాలనీలో మా పక్కింటి ఆంటీకి డెబ్బై దాటాక ఒకటే కోరిక మిగిలింది: పోయాక అమ్మానాన్నల పక్కన పడుకోవాలి. వాళ్లు కలకత్తాలో ఒక పాత క్రైస్తవ శ్మశానంలో, ఆమె ముత్తాత సమాధిలోనే ఉన్నారు. అక్కడ కొత్త గోతులకు చోటు లేదు. పాత సమాధి తెరవాలంటే అందులో ఉన్నవాడి వంశమేనని చూపాలని శ్మశానం కమిటీ నియమం.

ముత్తాత జర్మనీ నుంచి ఓడలో వచ్చి, దొరల గడియారాలు బాగుచేసి బతికినవాడు. కొడుకు రైల్వేలో చేరాడు. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్లు శత్రువులు కాగానే మనవడు, అంటే ఆంటీ నాన్న, ఇంటిపేరు మార్చుకుని ఇంగ్లీషువాడైపోయాడు. ఆ ఇంగ్లీషుతనాన్ని ఆంటీ జీవితమంతా జాగ్రత్తగా కాపాడుకుంది. ఇప్పుడు ఆరడుగుల నేల కోసం మళ్లీ జర్మన్ కావలసి వచ్చింది.

వంశవృక్షం గీసే పని నాకు అప్పగించింది. నేను చదివింది తక్కువ. కానీ పింఛను లెక్కయినా, ముహూర్తం లెక్కయినా కాలనీవాళ్లు నా దగ్గరికే వచ్చేవారు. రెండుసార్లు కూడి చూడనిదే ఏ అంకెనూ నమ్మనని నాకు పేరు.

ఆంటీ మా అమ్మ దగ్గర నేర్చుకున్న సిక్కోలు తెలుగులో చెబుతుంటే పుట్టిన ఏళ్లు, పోయిన ఏళ్లు వరసగా రాసుకున్నాను. మధ్యలో ఒక మాట దగ్గర ఆగాను. ఆమె నానమ్మ ఆ జర్మన్ ముసలాయన్ని 'ఓపా' అనేదట.

"ఓపా అంటే ఏమిటాంటీ?"

"తాత. మా నానమ్మ బతికినన్నాళ్లూ ఓపా అనే అన్నాది."

కోడలు మామగారిని తాత అనడమేమిటి? జవాబు నాకు వెంటనే దొరికింది. నా భార్య మా అక్క కూతురు. మా నాన్నని తాతా అనే పిలిచేది. అంటే ఆంటీ వాళ్ల తాత కూడా అక్క కూతుర్నే చేసుకున్నాడు. వయసులు సరిచూశాను. ఆయనకు ఒక అక్క ఉంది. నానమ్మ ఆయనకంటే పదిహేనేళ్లు చిన్నది. రెండోసారి కూడినా సరిపోయింది. కంట్లో శుక్లాలున్న ఆంటీ, గీతలు తిన్నగా వచ్చాయని మెచ్చుకుంది.

బంద్ వల్ల ఒకసారి వాయిదా పడి, చివరికి కమిటీ బాబు ముందు కూర్చున్నాం. ఆయన బెంగాలీ క్రైస్తవుడు, నిదానస్తుడు. ఆయన వేలు ఒక గీత మీద ఆగింది.

"మేనమామ మేనకోడల్ని పెళ్లాడాడా? ఈ పెళ్లి ఏ చర్చి చేసింది, దాదా? ఇది చెల్లకపోతే ఆ తర్వాత పుట్టినవాళ్లెవరూ వంశంలోకి రారు."

బస్సు హౌరా వంతెన ఎక్కాక ఆంటీ నావైపు తిరిగింది.

"మా తాతని సిక్కోలోడిని చేసేసినావు బాబూ. యుద్ధంలో కూడా మాకింత అవమానం అవనేదు."

సంగతి విని నా భార్య బియ్యం ఏరుతూనే అంది: "పిల్లలు తాతా అంటంటే తల్లి కూడా తాతా అన్నాది. కాలనీ అంతా ఈవిడిని ఆంటీ అంటన్నారు, అందరికీ పిన్నేటి? నీ లెక్కకి ఇంగితం నేదు మావా."

"లెక్కలో తప్పు లేదు," అన్నాను. నిజంగానే లెక్కలో తప్పు లేదు.

"మా నానమ్మ పుట్టింటోలు గోవావోలు," అంది మా గుమ్మంలో కూర్చున్న ఆంటీ. "నువ్వు అడగనేదు కదా."

కొత్త వృక్షం చూసి కమిటీ బాబు తల ఊపాడు. కానీ ఇంకొకటి మిగిలింది. సమయానికి సమాధి తెరిపించే బాధ్యత దగ్గరి బంధువు ఒకరు తీసుకోవాలి. ఆంటీవాళ్లంతా ఎప్పుడో ఆస్ట్రేలియా వెళ్లిపోయారు.

"ఈయన మీకేమవుతాడు?" అన్నాడాయన.

ఆంటీ నావైపు చూడలేదు. "మామా," అంది బెంగాలీలో. "ఇంట్లో ఈయన పెళ్లాం కూడా అలాగే పిలుస్తుంది."

డెబ్బై మూడేళ్ల మేనకోడలు, నలభై ఆరేళ్ల మేనమామ. కమిటీ బాబు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఈసారి ఏ చర్చి అని అడగలేదు. నా పేరు రాసుకున్నాడు.

నాలుగేళ్ల తర్వాత ఒక వానాకాలంలో ఆంటీ పోయింది. ఓపా రాయి పక్కకు జరిపాక, దగ్గరి బంధువు ముందుకు రావాలన్నాడు పాదిరి. మొదటి పిడికెడు మట్టి మేనమామగా నేనే వేశాను. వయసులు మాత్రం కూడి చూడలేదు.